ఇంటి ముందు కారు
(రైతు సోదరుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

ఒకప్పుడు పల్లెకు కారు వచ్చినచో పిల్లలు దుమ్ములో దాని వెంట పరుగెత్తెడివారు. పెండ్లివారో, పెద్ద ఉద్యోగియో వచ్చిరని ఊరంతకు తెలిసెడిది. నేడు ఆ వింత లేదు. ట్రాక్టరు, మోటారు సైకిలు నిలిచిన లోగిలిలోనే కారు కూడ నిలుచుచున్నది. తల్లిదండ్రులను పట్టణములోని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు, హాస్టలులో చదువుకొను పిల్లలను చూచి వచ్చుటకు, శుభాశుభములకు వేళకు చేరుటకు అది ఎంతయో అక్కరకు వచ్చును. పల్లెవాసికి ఈ సౌకర్యము కలుగుట సంతోషింపదగినదే.

కారును గూర్చి మనవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. ధర యెంత? లీటరునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును? ఈ రెండును అడుగవలసినవే. కాని మూడవ ప్రశ్న యొకటి కలదు. దానిని అడుగువారు తక్కువ. ఈ కారు వలన రేపు దారిలో ఎవరికైన హాని కలిగినచో బాధ్యులెవరు? మొదటి రెండు లెక్కలు తప్పినచో కొంత ధనము పోవును. మూడవదానికి సమాధానము తెలియనిచో పొలమునకే ముప్పు రావచ్చును. కనుక నేటి ప్రసంగమున దీనికి ఎక్కువ తావిచ్చెదను.

అవసరము, ఆదాయము

మొదట సొంత కారు కావలయునా, అద్దెబండి చాలునా అని లెక్క వేసికొనవలెను. ఒక పాత కారును 3 లక్షల రూపాయలకు కొన్నామనుకొందము. నెలకు 500 కిలోమీటర్లు తిరిగి, లీటరునకు 15 కిలోమీటర్లు వచ్చినచో సుమారు 33 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు 110 రూపాయలుగా లెక్కించినచో నెలకు 3,600 రూపాయలు దాటును. బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీ మున్నగు వానికి సంవత్సరమునకు 30,000 రూపాయలు కేటాయించినచో నెలకు 2,500 అగును. అయిదేండ్ల తరువాత ఆ కారు సగము ధరకే పోవునని యెంచినచో, ఆ తరుగు నెలకు మరియొక 2,500. అంతయు కలిపి నెలకు 8,600 రూపాయలకు పైగా వచ్చును. అనగా కిలోమీటరునకు 17 రూపాయలు. మీ ఊరిలో అద్దెబండివారు కిలోమీటరునకు ఎంత తీసికొనుచున్నారో కనుగొని ఈ అంకెతో పోల్చి చూడుడు. తిరుగుట తక్కువైనకొలది సొంత కారు ప్రియమగును. తిరుగుట ఎక్కువైనకొలది చౌక యగును. అర్ధరాత్రి వేళ ఆసుపత్రికి పోవలసిన అవసరము తరచుగా కలిగెడి యింటికి ఈ లెక్క వర్తింపదు. అట్టివారికి కారు విలాసము కాదు, రక్షణ.

అప్పుచేసి కొనువారు ఇంకొక సంగతి ఆలోచింపవలెను. ఉద్యోగికి జీతము నెలనెల వచ్చును. రైతునకు పంట డబ్బు ఆరు మాసములకొకసారి వచ్చును. కారు కిస్తీ మాత్రము ఇద్దరికిని నెలనెల వచ్చును. 5 లక్షల రూపాయలు నూటికి 10 రూపాయల వార్షిక వడ్డీపై అయిదేండ్ల గడువుతో తెచ్చినచో నెల కిస్తీ సుమారు 10,620 రూపాయలు; మొత్తముమీద వడ్డీ 1,37,000 పైచిలుకు. అదే అప్పును ఏడేండ్లకు పెంచినచో కిస్తీ 8,300కు దిగును గాని, వడ్డీ 1,97,000 దాటును. కిస్తీ తక్కువగా కనబడుట చూచి గడువు పెంచుకొన్నవాడు 60,000 రూపాయలు అదనముగా చెల్లించుచున్నాడన్నమాట. కావున రాబడిలో కొంత కూడబెట్టి, అప్పు తగ్గించి కొనుట మేలు. అప్పు తప్పనిసరియైనచో పంట డబ్బు చేతికి వచ్చిన నాడే ఆరు కిస్తీల సొమ్మును బ్యాంకులో విడిగా ఉంచుడు. పెట్టుబడి కొరకు తెచ్చిన పంట ఋణమును కారునకు మళ్ళించుట ఎన్నటికిని తగదు.

కొత్త కారు కొనువారు రంగును, తెరను, పాటల పెట్టెను చూచుటకు ముందు భద్రతను చూడవలెను. దేశములో కార్లను ఢీకొట్టించి పరీక్షించి నక్షత్రముల రూపమున యోగ్యత తెలుపు భారత్ ఎన్‌క్యాప్ అను పద్ధతి 2023 అక్టోబరు నుండి అమలులోనికి వచ్చినది. మీరు కోరిన కారునకు ఎన్ని నక్షత్రములు వచ్చినవో అడిగి తెలిసికొనుడు. బీమాను డీలరు వద్దనే కొనవలెనను నిర్బంధము లేదు. రెండుమూడు చోట్ల విచారించి కొనవచ్చును.

పాత కారు బేరము

పల్లెలలో తొలిసారి కారు కొనువారిలో అనేకులు పాత కారే కొందురు. అందు తప్పు లేదు. కాని ఎద్దును కొనునపుడు మన పెద్దలు ఏమి చేసెడివారో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పండ్లు పట్టి చూచెడివారు. నడిపించి చూచెడివారు. కాడి కట్టి దున్నించి చూచెడివారు. అమ్మువాని మాటకంటె ఎద్దు నడకను నమ్మెడివారు. కారును గూడ అట్లే చూడవలెను. ఫోనులో వచ్చిన ఫోటోలు చూచి బయానా పంపుట, మడుగులో నున్న గేదెను గట్టుమీదినుండి బేరమాడుట వంటిది.

కారును పగటివేళ ఎండలో చూడవలెను. తలుపుల నడుమ, బానెట్టు అంచున సందులు రెండు వైపుల సమానముగా ఉన్నవో లేదో చూడుడు. ఒకచోట రంగు ఛాయ మారినను, సందు వంకరగా నున్నను ఆ బండి ఎన్నడో దెబ్బ తిన్నదని గ్రహింపవలెను. ఇంజనును చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించుడు. మీరు పోవు సరికే ఇంజను వేడెక్కియున్నచో మరునాటి ఉదయము వచ్చెదమని చెప్పుడు. చల్లని ఇంజను బయటపెట్టు రోగములను వేడి ఇంజను దాచిపెట్టును. స్టార్టు చేసిన పిమ్మట నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలును కాల్చుచున్నదని అర్థము. వేడెక్కిన తరువాత గూడ దట్టమైన తెల్లపొగ విడువకుండ వచ్చినచో కూలెంటు నీరు లోపలికి పోవుచున్నదేమోయని అనుమానింపవలెను. నల్లపొగ వచ్చినచో ఇంధనము సరిగా మండుట లేదు. ఇంజను చల్లబడియున్నప్పుడు ఆయిలు మూత తీసి చూచి, దాని అడుగున మజ్జిగ వంటి తెల్లని జిగురు కనబడినచో ఆ బేరము మానుకొనుట మంచిది.

తరువాత బండిని నడిపి చూడవలెను. నున్నని రోడ్డుపైననే గాక గతుకుల దారిలో గూడ నడపవలెను. స్టీరింగును తేలికగా పట్టుకొన్నప్పుడు బండి ఒక ప్రక్కకు లాగుచున్నదా? బ్రేకు వేసినప్పుడు వణకుచున్నదా? గేరు మార్చునపుడు గరగరలాడుచున్నదా? ఇవి గమనింపవలెను. మీటరు మీద 40,000 కిలోమీటర్లే కనబడుచు, క్లచ్చి పెడలు రబ్బరు పూర్తిగా అరిగిపోయి, స్టీరింగు చక్రము నున్నబడి యున్నచో ఆ మీటరును నమ్మరాదు. సర్వీసు రికార్డు అడుగవలెను.

నీట మునిగిన బండ్ల విషయమున మరింత జాగరూకత వహింపవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో అసంఖ్యాకమైన వాహనములు నీట మునిగినవి. ఇట్టి వరదల తరువాత మునిగిన కార్లు తుడిచి, మెరుగుపెట్టి, చౌకధరకు దూరప్రాంతముల సంతలకు చేరుట కలదు. చూచుటకు కొత్తవానివలె నుండును. లోపల తీగెలు క్రమముగా తుప్పుపట్టును. సీటు బెల్టును కడవరకు లాగి చూడుడు. నీటి చార దాగదు. సీట్ల క్రింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలోని ఒండ్రుమట్టి, చాపల క్రింది ముక్క వాసన కూడ నిజము చెప్పును.

ఇవన్నియు మీరు చూచినను, మీకు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసికొనిపోవుడు. అమ్మువాడు చూపిన మెకానిక్కు వలదు. ఒక పూట కూలికి వెనుకాడినవారు పిదప ఇంజను మరమ్మతునకు వేలకు వేలు పెట్టవలసివచ్చును.

పేరు మారినగాని కారు మారదు

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. సొమ్ము ఇచ్చి తాళపుచెవి తీసికొన్నంతమాత్రమున కారు చేతులు మారినదని మనవారు తలంతురు. ఇచ్చినవాడు బంధువైనచో ఇక కాగితముల ఊసే యుండదు. పలుచోట్ల అమ్మువాడు 29, 30 నెంబరుల ఫారములపై ఖాళీగా సంతకములు చేసి దళారి చేతిలో పెట్టును. దళారి ఆ బండిని ఒకరికి, ఆయన మరియొకరికి అమ్ముకొనిపోవుదురు. ఆర్.సి.లో పేరు మాత్రము మొదటివానిదే.

ఇట్టి వ్యవహారమొకటి సుప్రీంకోర్టు వరకు పోయినది. ఒక వ్యక్తి తన కారును 2007లో అమ్మితినని చెప్పెను. ఆ కారు పలువురి చేతులు మారెను. 2009లో అది ప్రమాదమునకు గురిచేయగా ఒక ప్రాణము పోయెను. అప్పటికిని ఆర్.సి.లో మొదటి యజమాని పేరే యున్నది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రిజిస్టరులో ఎవరి పేరు కలదో చట్టము దృష్టిలో ఆయనయే యజమాని యనియు, నష్టపరిహార బాధ్యత ఆయనదే యనియు నిర్ణయించెను. గాయపడినవారు గాని, చనిపోయినవారి కుటుంబము గాని ఆ కారు ఎవరెవరి చేతులు మారినదో వెదకుకొనుచు తిరుగనక్కరలేదని దాని భావము. ఇది న్యాయమే కదా? భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు బండి నెవరు ఎవరికి అమ్మిరో ఎట్లు కనుగొనగలదు?

కనుక అమ్మువారును, కొనువారును ఇద్దరును మేల్కొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో జరిగిన అమ్మకమును అమ్మినవారు 14 దినములలో రిజిస్టరింగు అధికారికి తెలుపవలెను. కొన్నవారు 30 దినములలో తెలిపి తమ పేర మార్పించుకొనవలెను. ఖాళీ ఫారములపై సంతకము చేయుట ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము చేయుట వంటిదే. అమ్మినవారు మార్పు జరిగిన కొత్త ఆర్.సి. నకలు తమ కన్నులతో చూచువరకు వ్యవహారము ముగిసినదని భావింపరాదు. అంతవరకు కొంత సొమ్ము నిలుపుకొనుట కొనువారికిని మంచిదే.

కొనుటకు ముందు చూడవలసిన కాగితములు ఇవి. ఆర్.సి.లోని ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు బండిపై చెక్కిన నెంబరులతో అక్షరమక్షరము సరిపోవలెను. ఆర్.సి.లో ఏదేని బ్యాంకు లేక ఫైనాన్సు సంస్థ పేరున్నచో, అప్పు తీరినట్లు వారు ఇచ్చిన పత్రముతో పాటు 35వ నెంబరు ఫారము కూడ కావలెను. అప్పు తీరినదని నోటిమాటగా చెప్పినచో చాలదు. తీరని అప్పు ఉన్నచో ఆ సంస్థవారు మీ యింటినుండియే బండిని తోలుకొనిపోవచ్చును. బండిపై చెల్లింపని చలానాలు ఎన్ని యున్నవో రవాణా శాఖ, పోలీసు శాఖల వెబ్‌సైటులలో నెంబరు కొట్టి చూడవచ్చును. చదువుకొను మీ పిల్లలు క్షణములో చూచి చెప్పగలరు.

పొరుగు రాష్ట్రపు బండ్లు చౌకగా వచ్చుచున్నవని ఆశపడువారు కలరు. ఢిల్లీ ప్రాంతములో పదేండ్లు దాటిన డీసెలు బండ్లపై విధించిన నిషేధమును 2018లో సుప్రీంకోర్టు బలపరచిన పిదప, అచ్చటి కార్లు అనేకములు దక్షిణమునకు వచ్చినవి. అట్టి బండికి అచ్చటి అధికారుల నిరభ్యంతర పత్రము కావలెను. ఇచ్చట కొత్త నెంబరు తీసికొనవలెను. జీవితకాలపు పన్ను ఇచ్చట కట్టవలెను. ఇవన్నియు కలిపి చూచినప్పుడు చౌకదనము కరగిపోవచ్చును. పదునైదేండ్లు నిండిన సొంత కారునకు ఆర్.సి. గడువు ముగియును, పరీక్ష చేయించి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. పదునాలుగేండ్ల కారును చౌకగా కొన్నవారు ఆ ఖర్చును కూడ ధరలో కలుపుకొనవలెను.

బీమా: కారునకు కాదు, కుటుంబమునకు

బీమాను పోలీసుల భయముచే కట్టు పన్నుగా తలంచువారు కలరు. 2019లో చట్టమును సవరించినప్పుడు బీమా లేక బండి నడిపినందుకు మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, 3 మాసముల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చునని వ్రాసిరి. కాని అసలు దండన ఆ జరిమానా కాదు. ప్రమాదములో ఒక కుటుంబపు పోషకుడు మరణించినచో ట్రిబ్యునలు నిర్ణయించు పరిహారము లక్షలలో నుండును. బీమా యున్నచో దానిని కంపెనీ చెల్లించును. లేనిచో యజమానియే చెల్లింపవలెను. చెల్లింపనిచో ఆ మొత్తమును భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్లు కలెక్టరుగారి ద్వారా వసూలు చేయించుటకు అదే చట్టములో 174వ సెక్షను కలదు. శిస్తు బకాయి అనగా నేమో, దానికి ఆస్తి జప్తు ఎట్లు జరుగునో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

దీనికి ఎదురుగ బీమా ఖర్చెంత? ఇతరులకు కలుగు హానికి మాత్రము వర్తించు బీమాను మూడవపక్షపు బీమా యందురు. 1000 నుండి 1500 సీసీ లోపు ఇంజను గల సొంత కారునకు 2022లో ప్రభుత్వము ప్రకటించిన సంవత్సరపు రేటు 3,416 రూపాయలు, పన్ను అదనము. మూడు నాలుగు ఎకరముల పొలమునకు ఇంతకంటె చౌకయైన కంచె వేరొకటి లేదు.

బీమా విషయమున నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. మొదటిది, కారు కొన్న 14 దినములలో బీమాను గూడ మీ పేరునకు మార్పించుకొనవలెను. మూడవపక్షపు రక్షణ కారుతో పాటు వచ్చునని చట్టము చెప్పుచున్నను, మీ కారునకు కలిగిన నష్టము కొరకు పాత యజమాని పేర నున్న పాలసీపై మీరు సొమ్ము కోరినచో కంపెనీవారు నిరాకరింపవచ్చును. రెండవది, చట్టము కోరు కనీసపు పాలసీ కారులో కూర్చున్న బంధుమిత్రులకు కూడ వర్తించునని నమ్మరాదు. పెండ్లికి నలుగురిని ఎక్కించుకొని పోవువారు సమగ్ర పాలసీ తీసికొని, అందులో ప్రయాణికులకు రక్షణ కలదో లేదో చదివించుకొనవలెను. మూడవది, తెల్ల నెంబరు బోర్డుగల సొంత కారును కిరాయికి త్రిప్పరాదు. పెట్రోలు ఖర్చుకని తలకొక వంద తీసికొని ఆసుపత్రికి ఎక్కించుకొనిపోవు అలవాటు కొన్ని ఊళ్ళలో కలదు. ప్రమాదము జరిగిననాడు అది కిరాయి బండియని తేలినచో కంపెనీ చేతులెత్తివేయుటకు అవకాశము చిక్కును. కిరాయికి త్రిప్పదలచినవారు పసుపుపచ్చ బోర్డు, పర్మిటు, తగిన బీమా తీసికొని దర్జాగా త్రిప్పుకొనవచ్చును. నాల్గవది, లైసెన్సు లేనివారి చేతికి స్టీరింగు ఇచ్చినచో బీమా ఉండియు లేనట్లే. మైనరు కుమారునికి బండి ఇచ్చి, వాడు ప్రమాదము చేసినచో తండ్రికి 3 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చునని 2019 నాటి సవరణ చెప్పుచున్నది. కుమారుడు చక్కగా నడుపుచున్నాడని మురియుటకు ముందు వాని వయస్సును, లైసెన్సును తలంచుకొనుడు.

కాపుదల

పశువుల కొట్టమును ఉదయముననే ఒక్కమారు చూచివచ్చినట్లు కారును వారమునకొక్కమారు చూచినచో పెద్ద మరమ్మతులు సగము తప్పును. దీనికి పదినిమిషములు చాలును.

ఇంజను చల్లగా నున్నప్పుడు ఆయిలు కడ్డీని తీసి తుడిచి, మరల ముంచి తీసి చూడుడు. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. కూలెంటు మట్టము డబ్బా గీతల నడుమ నుండవలెను. వేడి ఇంజనుపై రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు. మరుగునీరు ముఖముపైకి ఎగజిమ్మును. బావినీరు, బోరునీరు పోయుట గూడ తగదు. మన బోర్లలోని ఉప్పునీటివలన లోపల పొలుసు కట్టి ఇంజను వేడెక్కును. కంపెనీవారు సూచించిన కూలెంటునే పోయవలెను.

టైర్ల గాలిని ప్రయాణమునకు ముందు, టైర్లు చల్లగా నున్నప్పుడు కొలిపించవలెను. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు చట్రముపై అతికించిన చీటీలో వ్రాసియుండును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మే నెల ఎండకు రోడ్లు పెనములవలె కాలును. గాలి తక్కువైన టైరు అట్టి రోడ్డుపై మరింత వేడెక్కి పగులును. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో మార్చవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2322 అనియున్నచో 2022వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. పాత కారు కొనునపుడు ఈ అంకెలు చూచుట మరువరాదు. గాడి మిగిలియున్నను వయసు మీరిన టైరు నమ్మదగినది కాదు.

ఆయిలు మార్పు, సర్వీసు విషయములలో బండితో వచ్చిన పుస్తకమే గురువు. చాల కార్లకు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైతే అది, గడువుగా నుండును. బండి తక్కువ తిరిగినదని సంవత్సరము దాటనీయరాదు. కాని మన దారులు దుమ్ము దారులు. నూర్పిడి కాలమున పొట్టు, దుమ్ము ఎయిరు ఫిల్టరును మూసివేయును. ఆ కాలమున దానిని మధ్యమధ్య తీయించి చూపించవలెను.

మీటరు పలకపై వెలుగు దీపములు బండి మాటలాడు భాష. పసుపు దీపము వెలిగినచో త్వరలో చూపించుమని అర్థము. ఎఱ్ఱదీపము వెలిగినచో వెంటనే ప్రక్కకు తీసి ఆపుమని అర్థము. ఆయిలు గుర్తు ఎఱ్ఱగా వెలిగిన తరువాత ఊరు రెండు కిలోమీటర్లే కదా యని నడిపినవారు ఇంజనును పోగొట్టుకొందురు.

దీపావళికో, సంక్రాంతికో మాత్రమే బయటికి తీయు బండి త్వరగా పాడగును. వారమునకొకసారి కొంత దూరము నడిపినచో బ్యాటరీ నిలుచును. గడ్డివాము ప్రక్కన, ధాన్యపు కొట్టు ప్రక్కన కారును నిలుపరాదు. అచ్చటి ఎలుకలు వెచ్చదనమునకు బానెట్టులో దూరి తీగెలను కొఱుకును. 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు విధానము దేశమంతట వ్యాపించినది. 2023 ఏప్రిలునకు ముందు తయారైన బండ్ల యజమానులు రబ్బరు గొట్టములను సర్వీసు సమయమున ప్రత్యేకముగా చూపించుకొనుట మంచిది.

ఇంటిలో పాల లెక్క వ్రాసినట్లు కారులో ఒక చిన్న పుస్తకముంచుడు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏమి మార్పించితిరో వ్రాయుడు. అమ్మునాడు ఆ పుస్తకమే మీ కారునకు మంచి ధర తెచ్చును.

దారిలోను, వాకిటిలోను

పల్లె దారులలో పట్టణవాసికి తెలియని అపాయములు రెండు కలవు. పంటకాలమున రోడ్డుపై ఉలవ, కంది, వరిగడ్డి పరచుట చూచుచుందుము. ఆ గడ్డి బండి క్రింద చుట్టుకొని, కాగిన సైలెన్సరునకు తగిలి నిప్పంటుకొనుట కలదు. తప్పించుకొనుటకు వీలులేక దానిపై నుండి పోవలసివచ్చినచో, దాటిన వెంటనే ఆపి క్రిందికి వంగి చూచి, చిక్కిన గడ్డిని తీసివేయవలెను. పరచువారును మన సోదరులే కనుక వారికి గూడ నచ్చజెప్పుడు.

రెండవది వాగులు. రెండడుగుల లోతున వడిగా పారు నీరు కారును తేల్చి కొట్టుకొనిపోగలదు. నిన్న దాటిన కాలిబాట వంతెనే గదా యని నేడు దిగరాదు. నిలువ నీటిలో ఇంజను ఆగిపోయినచో మరల స్టార్టు చేయరాదు. లోపలికి పోయిన నీటితో ఇంజను విరిగిపోవును. త్రోయించి బయటికి తీసి, మెకానిక్కును పిలువవలెను.

ముందు సీటువారే గాక వెనుక కూర్చున్నవారును బెల్టు పెట్టుకొనవలెను. ఇది చట్టము. బెల్టు లేకుండ వెనుక కూర్చున్న మనిషి, బండి ఢీకొన్నప్పుడు ముందున్నవారిపై బస్తావలె వచ్చి పడును. దారిలో ప్రమాదము కనబడినచో ఆగి 108కి ఫోను చేయుటకు జంకవలదు. సదుద్దేశముతో సాయపడినవారిని కేసులలో ఇరికింపరాదని 2019 నాటి సవరణలో 134ఎ సెక్షను చేర్చిరి. రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు చెల్లింపక చికిత్స చేయు పథకమును 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించినది.

చివరగా తల్లులకు ఒక మాట. 2025 మే నెలలో విజయనగరము సమీపమున ద్వారపూడి గ్రామములో నలుగురు చిన్నారులు ఆడుకొనుచు, ఆగియున్న కారులో ఎక్కి, తలుపులు పడిపోగా ఊపిరాడక మరణించిరి. ఆ కారు ఎవరిని ఢీకొనలేదు. కదలనైన కదలలేదు. ఎండలో మూసిన కారు కొలదిసేపటిలోనే కొలిమి యగును. కావున వాకిటిలో నిలిపిన కారునకు ఎల్లప్పుడు తాళము వేయుడు. తాళపుచెవి పిల్లలకు అందని చోట ఉంచుడు. పిల్లలు కనబడనిచో బావికంటెను ముందు కారులోనికి తొంగిచూడుడు.

సోదర సోదరీమణులారా, కారు కొనువేళ కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, కుంకుమ బొట్టు పెట్టుదుము. అది మన ఆచారము, చేయుడు. కాని అంతకు ముందే ఆర్.సి.లో మీ పేరు, పాలసీలో నేటి తేదీ, జేబులో లైసెన్సు ఉన్నవో లేవో చూచుకొనుడు. ఈ మూడును లేని కారు వాకిట నిలిచినను మీది కాదు. దాని వలన కలుగు కష్టము మాత్రము మీదే యగును. ఈ మూడును సరిగా నున్న కారు పాతదైనను, చిన్నదైనను, మీ యింటిల్లిపాదిని పోయినచోటికి చేర్చి తిరిగి యింటికి చేర్చును. నేడే ఇంటికి పోయి మీ కారు కాగితములు తీసి, వానిపై నున్న పేరును, తేదీలను ఒకసారి చదువుకొనవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.